తీసేసిన గోడ

నాలుగో దెబ్బకి మహీధర్ పన్ను ఊడి సోఫా కిందికి దొర్లింది.

ఐదో దెబ్బకి లేచిన కామ్రాన్ చేతిని కీర్తిక రెండు చేతులతో పట్టుకుని వేలాడింది. అతను ఆమెని విదిలించలేదు. అలాగని చెయ్యీ దించలేదు.

"పక్కకి జరగండి భాభీ. మీకు తగుల్తది."

మొగుణ్ణి చితకబాదుతూ కూడా పెళ్ళానికి మర్యాద తప్పలేదు చూడండి. తల్లితో సింగపూర్ వచ్చిన దగ్గర్నుంచీ, మూడేళ్ళుగా ప్రతి ఆదివారం ఈ సెంగ్‌కాంగ్ ఫ్లాట్‌లో ఆమె చేతి పప్పుచారు తిన్న మనిషాయె. ఇవాళ కూడా వస్తాడని కుక్కర్లో ఒక గ్లాసు బియ్యం ఎక్కువే పోసింది. వచ్చినవాడు చెప్పులైనా విప్పకుండా నేరుగా హాల్లోకొచ్చి మహీధర్ మెడ పట్టుకున్నాడు.

"ఏమైందో చెప్పి కొట్టు. ఏం చేశారాయన?" అంది కీర్తిక.

"ఏం చేసిండో కాదు భాభీ. ఏం చూసిండో అడగండి."

మహీధర్ నోటి రక్తం టీషర్టు మీదికి కారుతోంది. శుక్రవారం వన్-నార్త్‌లోని ఆఫీసులో కేకు కోసి పంచిన కొత్త టీషర్టు అది. గుండెల మీద 'స్టీల్ యార్డ్, మళ్ళీ వచ్చింది' అని ఉంటుంది. ఒకేసారి పదహారుమంది, తలొక దేశంలో కూర్చుని, ఒకళ్ళనొకళ్ళు కాల్చుకునే ఆట. పద్నాలుగేళ్ళ కిందట ఇంటర్నెట్ సెంటర్లని ఊపేసిన ఆ పాత ఆటని కొత్త కంప్యూటర్లకి తగ్గట్టు దిద్ది మళ్ళీ విడుదల చేశారు. దిద్దిన బృందానికి పెద్ద మహీధరే.

టీవీలో ఆ ఆటే నడుస్తోంది. వదిలేసిన మహీధర్ బొమ్మ తుపాకి పట్టుకుని ఓ ఇంటి మెట్ల కింద దిక్కులేకుండా నిలబడి ఉంది. ఎవరో కాలుస్తున్నారు, చస్తోంది. పది సెకన్లకి లేస్తోంది, మళ్ళీ చస్తోంది. మనుషులకి ఆ వెసులుబాటు లేదు.

"చూడు. మంచిగ చూడు," అంటూ కామ్రాన్ అతని జుట్టు పట్టుకుని మొహం తెరకి తిప్పాడు. "పొద్దున నేను గదే మెట్టు మీద ఏడుసార్లు చచ్చిన. ఎక్కణ్ణుంచి కొడ్తున్నడా అని చూస్తే, పై గది కిటికీల కూర్చున్నడు ఎవడో బ్రెజిల్ దేశపోడు. నీ గది కిటికీ, మహీ భాయ్."

మహీధర్ కళ్ళు మూసుకున్నాడు.

ఇనుప గేటు అవతల గొంతు సవరించుకున్న చప్పుడైంది. పక్క ఫ్లాట్ టాన్ అంకుల్. "హలో, ఓకే ఆర్ నాట్? ఎవరో అరుస్తున్నట్టుంది."

కీర్తిక నెత్తుటి చేతులు వెనక్కి పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళింది. ఎందుకు అబద్ధమాడిందో అప్పుడు తనకీ తెలియదు. "గేమ్ అంకుల్. ఓన్లీ గేమ్," అంది.

"వాల్యూమ్ టూ లౌడ్ లా," అని గొణుక్కుంటూ ఆయన వెళ్ళిపోయాడు.

ఆమె వెనక్కి వస్తూ హాలు పక్కగది తలుపు కొట్టింది. అది ఆమె తండ్రి సీతారామారావు గది. "నాన్నా, ఒకసారి రండి. ఈయన్ని కొడుతున్నాడు. నాన్నా."

లోపల ఫ్యాను తిరుగుతోంది. గడియ వేసి ఉంది.

వంటింట్లో చెంచా జారిపడితే 'ఏవిటమ్మా అది' అని వచ్చే మనిషి ఆయన. చెవులకేం లోపం లేదు. కీర్తిక మూడుసార్లు కొట్టింది. నాలుగోసారి కొట్టబోయి ఎందుకో చెయ్యి ఆపుకుంది.

---

తుపాకుల ఆటలకి సొంతంగా మ్యాపులు, అంటే ఆడే స్థలాలు, కట్టడం నేర్చుకునేవాళ్ళకి ఒక అలవాటుంది. మొట్టమొదట ఎవడైనా తన ఇల్లే కడతాడు. చేతికందేది, కొలవగలిగేది అదే కదా. రెండువేల సంవత్సరంలో మహీధర్ మలక్‌పేటలో ఫరీదా ఆంటీ ఇంటి పై గదిలో అద్దెకుండేవాడు. ఇంటావిడ రెండో కొడుకు కామ్రాన్‌కి అప్పుడు పదిహేడేళ్ళు. ఇద్దరూ టేపు పట్టుకుని ఇల్లంతా కొలిచారు. టేపు రెండో కొస పట్టుకున్నది పెద్దకొడుకు హమ్జా. 'నా ఇంట్ల నన్నే కాలుస్తరారా' అని నవ్వుతూ పట్టుకున్నాడు. అందుకే ఆ స్థలానికి 'హమ్జా ఘర్' అని పేరు పెట్టారు. ఆడినవాళ్ళకది నచ్చి ఆటలో భాగమైపోయింది, కొత్తదాంట్లోనూ ఉంచారు.

అది పూర్తయిన రెండు నెలలకి హమ్జా ఆ ఇంటి చివరి మెట్టు మీద తల పగిలి చచ్చిపడి ఉన్నాడు. చేతిసంచీ లేదు. దొంగలు కొట్టి ఎత్తుకుపోయారని పోలీసులు రాసుకున్నారు. ఆ సాయంత్రం ఇంట్లో ఉన్నది పై గదిలో మహీధర్ ఒక్కడే. అరుపు విన్నాను, ఎవర్నీ చూడలేదన్నాడు. తరవాత ఆ ఇల్లు అమ్మేశారు, కొన్నవాళ్ళు పడగొట్టారు. ఇప్పుడా ఇల్లు ఈ ఆటలో తప్ప భూమ్మీద ఎక్కడా లేదు.

---

"నీ కిటికీల నుంచి ఆ మెట్టు కనపడదని పోలీసులకి చెప్పింది ఎవరు?" అన్నాడు కామ్రాన్. ఇప్పుడు గొంతు తగ్గించాడు. అరిచినప్పటికంటే అదే భయంగా ఉంది.

"నేనే," అన్నాడు మహీధర్.

"నువ్వొక్కడివే కాదు. నేను గూడ చెప్పిన. 'నడుమ గోడ ఉన్నది సార్, కనపడదు' అని నేను గూడ చెప్పిన. ఎందుకు చెప్పిన్నో యాదున్నదా?"

మహీధర్ టీషర్టు అంచుతో నోరు ఒత్తుకున్నాడు.

"మనం కట్టిన ఆటల గోడ ఉండె. కిటికీ నుంచి మెట్ల దాకా అంతా ఒకేసారి కనపడితే అప్పటి కంప్యూటర్లు మోయలేకపోతుండె. ఆగి ఆగి నడుస్తుండె. నువ్వే ఒక గోడ అడ్డం పెట్టినవ్. రోజుకి పది గంటలు ఆడినం ఆ ఆట. నా దిమాగ్‌ల ఇల్లు పోయింది, ఆటే మిగిలింది. పోలీసోడు పైకెక్కి చూడకుంటనే అడిగితే ఆటల గోడ చెప్పిన. నిజం ఇంట్ల గోడ లేదని నాకు యాదికే రాలే."

చెబుతుంటే అతని మొహం చిన్నపిల్లాడి మొహంలా అయిపోయింది. అంతలోనే మళ్ళీ బిగుసుకుంది. కోపం సగం ఎదుటివాడి మీదైతే, సగం తన మీదే. తన మీది కోపానికి కూడా ఎదుటివాడి ఒళ్ళే దొరుకుతుంది మనిషికి.

"పొద్దున అమ్మీని అడిగిన. మనింట్ల మెట్ల కాడి గోడ ఎప్పుడు కూలగొట్టిన్రు అని. అమ్మీ అన్నది, ఏ గోడరా? అక్కడ గోడ ఎప్పుడున్నది?"

కీర్తిక సోఫా అంచున కూర్చుంది. "మరి ఇప్పుడీ ఆటలో గోడ ఎందుకు లేదు?"

"అది మీ ఆయన్నే చెప్పమనండి. ఈ కొత్తదాంట్ల గోడ తీసింది ఎవరు, భాయ్?"

"నేనే."

"ఎందుకు తీసినవ్?"

"ఇప్పటి మెషీన్లు మోస్తాయి. మా కుర్రాడొకడు ఈ గోడ ఎందుకు సార్ అనడిగాడు. అసలింట్లో లేదు, తీసెయ్యొచ్చన్నాను. నేనే తీశాను." మహీధర్ రక్తం మింగాడు. "అంతే. ఏమీ అనుకోకుండానే తీశాను."

"ఏ వేలితో?"

మహీధర్‌కి అర్థం కాలేదు. అర్థమయ్యేలోపే కామ్రాన్ అతని కుడిచెయ్యి బల్ల మీద పరిచి చూపుడువేలు పట్టుకున్నాడు.

"గోడ తీసిన వేలు ఇదేనా? నొక్కినప్పుడు నీకు హమ్జా భాయ్ యాదికి రాలేదా?"

"కామ్రాన్, వద్దు," అని కీర్తిక లేచింది.

పుల్ల విరిగిన చప్పుడైంది. మహీధర్ అరిచిన అరుపు టీవీలో తుపాకుల మోతలో కలిసిపోయింది. వాల్యూమ్ ఎక్కువగానే ఉంది మరి.

కీర్తిక చేతికందిన స్టీలు చెంబు తీసి కామ్రాన్ నెత్తి మీద కొట్టింది. మొదటిసారి తగిలింది. రెండోసారి తగిలింది. అతను చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. కనుబొమ్మ చిట్లి రక్తం కంట్లోకి దిగుతున్నా ఆమె వైపు తిరిగి మెల్లగా అన్నాడు. "కొట్టండి భాభీ. మీ మనిషి, మీరు కొట్టాలె. నా మనిషిని ఎవడో కొట్టిననాడు చూసుకుంట కూర్చున్నడు ఈయన. అమ్మీ ట్రైన్ ఎక్కింది. ఆమె వచ్చేలోపల పేరు చెప్పమనండి. నేను ఆగుత."

చెంబు ఆమె చేతిలోంచి జారిపోయింది.

"మీరు చూశారా?" అని మొగుణ్ణి అడిగింది.

మహీధర్ విరిగిన వేలిని ఒళ్ళో పెట్టుకుని ముందుకీ వెనక్కీ ఊగుతున్నాడు.

"మిమ్మల్నే. ఎవర్నైనా చూశారా?"

పెళ్ళైన పదకొండేళ్ళలో ఆమె అడిగినదానికి అతను జవాబు చెప్పకపోవడం ఇది మొదటిసారి కాదు. కానీ ఇంతసేపు ఆమె కళ్ళలోకే చూస్తూ చెప్పకపోవడం మొదటిసారి. ఆ చూపు నెమ్మదిగా ఆమె మీదినుంచి తప్పుకుని, పక్కగది తలుపు మీదికి వెళ్ళి, ఉలిక్కిపడి వెనక్కొచ్చింది.

కీర్తిక ఆ తలుపు వంక చూసింది. కామ్రాన్ మాత్రం చూడలేదు, కంట్లో రక్తం తుడుచుకుంటున్నాడు.

లోపల ఫ్యాను ఆగింది.

---

ఫరీదా వచ్చేటప్పటికి గేటు తీసే ఉంది. అరవై దాటిన మనిషి. సెరంగూన్‌లో రైలెక్కి, ఇక్కడ దిగి, మెట్లెక్కి, రొప్పుతూ వచ్చింది. గుమ్మంలో చెప్పులు విప్పి వరసగా పెట్టింది. హాల్లో నెత్తురు చూసింది. ఊడిన పన్నుని చూసింది. కొడుకు మొహం చూసింది.

"నువ్వేనా కొట్టింది?"

"అవును అమ్మీ."

"చెప్పిండా?"

"లే."

ఆవిడ కీర్తిక ఇచ్చిన మంచినీళ్ళు కూర్చుని తాగింది. తాగి, టీవీ వంక చూసింది. ఆకుపచ్చ తలుపు, మెట్ల పక్కన ఇత్తడి బిందె, ఉతికిన బట్టలారేసే తీగ. పడగొట్టేసిన తన ఇల్లు గోడకి వేలాడుతోంది. మెట్ల కింద ఒక బొమ్మ చచ్చిపడి ఉంది.

"మహీ బేటా," అంది. గొంతులో కోపం లేదు. "నన్ను నీ కిటికీ కాడికి తోలుకపో."

మహీధర్ విరిగిన చేతిని వదిలేసి, ఎడమచేత్తో ఆట కంట్రోలర్ అందుకున్నాడు. బొమ్మ లేచింది. మెట్లెక్కింది. ఎక్కుతుండగా ఎవరో కాల్చారు, పడింది. పది సెకన్లు నలుగురూ ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. మళ్ళీ లేచింది. ఈసారి పై గది దాకా వెళ్ళింది. నులక మంచం, గోడకి అద్దం, కిటికీ.

"కిందికి చూడు," అంది ఫరీదా.

తెర కిందికి వంగింది. చివరి మెట్టు మొత్తం కనిపిస్తోంది. రాతి అంచు మీది చిన్న పెచ్చు ఊడిన చోటు కూడా కనిపిస్తోంది. ఆ పెచ్చు ఎప్పుడో రోకలి పడి ఊడిందని ఆవిడకి గుర్తుంది. అంత జాగ్రత్తగా కొలిచి కట్టారు పిల్లలు.

"ఇంత మంచిగ కనపడుతది," అని తనలో తను అనుకున్నట్టు అంది. "నేను పద్నాలుగేండ్లు అల్లాని ఒక్కటే అడిగిన, ఎవరన్న చూసినోళ్ళుంటే చూపెట్టుమని. చూసినోడికి ప్రతి రంజాన్‌కి నా చేత్తోని షీర్ ఖుర్మా తినిపిస్తున్న. ఎవర్ని చూసినవు బేటా?"

కొట్టించుకున్నప్పుడు రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది మహీధర్‌కి. నోరు తెరిస్తే నెత్తురూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"అప్పటికి నాకు ఒక్క రోజు ఉద్యోగం చేసిన అనుభవం కూడా లేదాంటీ. నాలుగేళ్ళు చేసినట్టు పత్రాలు పుట్టించి సింగపూర్ పంపిస్తామన్నారు. అమీర్‌పేట కన్సల్టెన్సీలో. హమ్జా భాయ్ అందులో భాగస్థుడు. దొంగ పత్రాల సంగతి ఆయనకి ఆ వారమే తెలిసింది. అన్నీ సంచీలో వేసుకొచ్చాడు, పొద్దున్నే పోలీసులకిస్తానన్నాడు. నా పత్రం కూడా ఆ సంచీలోనే ఉంది."

"నేను ఆ సంగతి అడగలే."

"మీరెవరూ పేరూ మొహం ఎరగని రెండో భాగస్థుడు వెంటపడి వచ్చాడు. మెట్ల దగ్గర సంచీ లాక్కోబోయాడు. హమ్జా భాయ్ ఇవ్వలేదు. జుట్టు పట్టుకుని తల మెట్టుకేసి కొట్టాడు. మూడుసార్లు. నేను కిటికీ దగ్గరే ఉన్నాను. పైకి చూశాడు. నన్ను చూశాడు. సంచీ తీసుకుని వెళ్ళిపోయాడు." మహీధర్ ఊపిరి తీసుకున్నాడు. "నాలుగో రోజు నాకు సింగపూర్ టికెట్ వచ్చింది."

కీర్తిక లేచి నిలబడింది. అమీర్‌పేటలో ఆ కన్సల్టెన్సీ బోర్డు ఆమెకి తెలుసు. బడి నుంచి వస్తూ ప్రతి సాయంత్రం ఆ బోర్డు కిందే రిక్షా దిగేది. దాని మీద ఆమె పేరే ఉండేది.

"మూడేళ్ళ తరవాత సంబంధం వచ్చింది," అంది. ఎవరికో జరిగిన కథ చెబుతున్నట్టు చెప్పింది. "కుర్రాడు బుద్ధిమంతుడు, నోట్లో నాలుక లేదని మా నాన్న మురిసిపోయాడు. మీరు నోరు మూసుకున్నందుకేనా మీకు నన్ను కూడా ఇచ్చింది?"

మహీధర్ అవునన్నట్టు తల దించాడు.

కామ్రాన్‌కి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. ప్రతి ఆదివారం తన పక్క కుర్చీలో కూర్చుని, తన కంచంలో నెయ్యి వేసి, 'తిను నాయనా, వయసులో ఉన్నవాడివి' అన్న పెద్దాయన. కామ్రాన్ గది తలుపుకి భుజంతో గుద్దాడు. రెండోసారి గుద్దేలోపే గడియ తీసిన చప్పుడైంది.

సీతారామారావు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఉన్నాడు. భుజాన సంచీ. చొక్కా జేబులోంచి పాస్‌పోర్టు అంచు కనిపిస్తోంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నవాణ్ణి చూశాం గానీ, పెట్టె సర్దుకుని బయల్దేరినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాం.

ఎవరి వంకా చూడకుండా కూతురితో అన్నాడు. "కీర్తీ, టాక్సీకి ఫోన్ చెయ్యమ్మా. చాంగీ ఎయిర్‌పోర్టుకి."

"నాన్నా."

"చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. బతికుండగా వాడేం పెద్దమనిషి కాదు. నలభైమంది పిల్లల బతుకులు బజార్న పెట్టబోయాడు. అందులో నీ మొగుడొకడు. నేను చేసింది..."

మాట పూర్తి కాలేదు. కామ్రాన్ అతని గొంతు పట్టుకుని గోడకి అదిమాడు. ముసలాయన కళ్ళజోడు కిందపడింది. కాళ్ళు నేల మీద కొట్టుకున్నాయి. కామ్రాన్ ఎడమచెయ్యి ఆయన జుట్టులోకి వెళ్ళింది. తల ఒకసారి గోడకి తగిలింది. సున్నం మీద ఎర్రటి మచ్చ పడింది.

ఫరీదా వెళ్ళి కొడుకు చెంప పగిలేలా కొట్టింది.

"వదులు."

"అమ్మీ, వీడే..."

"వదులంటున్న. నోరు పలిగితే ఎట్ల మాట్లాడుతడు? నాకు వాడు మాట్లాడాలె."

కామ్రాన్ వేళ్ళు ఒక్కొక్కటీ సడలాయి. సీతారామారావు గోడ వెంబడి జారి, దగ్గుతూ, తడుముకుంటూ లేచాడు. కింద దొరికిన సంచీ మళ్ళీ భుజాన వేసుకున్నాడు. చూడండి ఆ మనిషి పట్టుదల. గుమ్మం వైపు నడుస్తూ, "తప్పుకో తల్లీ," అన్నాడు కూతురితో.

కీర్తిక అప్పటికే గేటు దగ్గర ఉంది. తప్పుకుంటుందనే అనుకున్నాడాయన. పుట్టిన దగ్గర్నుంచీ ఆయన మాటకి ఎదురు చెప్పని పిల్ల. ఆమె గేటు లాగి మూసింది. తాళం నొక్కింది. తాళంచెవి తీసి, తండ్రి చాచిన చేతి పక్కనుంచి నడిచి వచ్చి, ఫరీదా అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

"ఎవర్ని ఎప్పుడు బయటికి పంపాలో మీరే చెప్పండాంటీ," అంది.

"కీర్తీ, నేను నీ నాన్ననమ్మా," అన్నాడు సీతారామారావు.

"అందుకే తాళం వేశాను," అంది కీర్తిక. మొగుడి వంక మాత్రం చూడలేదు.

గేటు అవతల టాన్ అంకుల్ మళ్ళీ వచ్చి నిలబడ్డాడు. ఈసారి గోడ మీది మచ్చ చూశాడు. జేబులోంచి ఫోన్ తీసుకుంటూ తన ఫ్లాట్ వైపు వెళ్ళాడు. పోలీసులొచ్చేలోపు ఎంతసేపుందో ఎవరికీ తెలియదు.

ఫరీదా భోజనాల బల్ల దగ్గరి కుర్చీ ఒకటి సీతారామారావు ముందుకు లాగింది. ఇంకొకటి దానికెదురుగా వేసుకుని కూర్చుంది. టీవీలో కిటికీ దగ్గరి బొమ్మ ఇంకా కిందికే చూస్తోంది. చివరి మెట్టు మీద ఎవరూ లేరు.

"కూసో," అంది.

ఆయన కూర్చున్నాడు.

"మూడుసార్లు కొట్టినవంట. మొదటిసారికి రెండోసారికి నడుమ నా కొడుకు ఏమన్నడు?"